ప్రైమరీ క్లాసుల చదువు: ఇంట్లో పక్కన కూర్చుని నేర్పించడం ఎలా?

ప్రైమరీలో పిల్లలు నేర్చుకునే ముఖ్యమైన సబ్జెక్టులు నాలుగే: భాష, లెక్కలు, సైన్స్, సోషల్. పుస్తకాలు పలచగా ఉంటాయి, ప్రశ్నలూ చిన్నవే. అందుకే సాయంత్రం పక్కన కూర్చున్నప్పుడు జవాబు తప్పయితే, సరైనది చెప్పేసి, పదిసార్లు రాయించి లేచిపోతుంటాం. పదిసార్లు రాస్తే చెయ్యి నొప్పి పుడుతుంది గానీ తప్పు పోదు. ఎందుకంటే ఈ వయసు పిల్లలు ఊరికే తప్పు చేయరు. తమకు తోచిన ఒక పద్ధతి పెట్టుకుని, దాన్ని శ్రద్ధగా పాటిస్తూ తప్పు చేస్తారు. ఆ పద్ధతి ఏమిటో మనకు తెలిస్తే సగం పని అయిపోయినట్టే. దాన్ని కనిపెట్టడం ఎలాగో, కనిపెట్టాక ఏం చేయాలో ఒక్కో సబ్జెక్టూ తీసుకుని చెబుతాను.

1. ముందు ‘ఎలా వచ్చింది?’ అని అడగడం అలవాటు చేసుకోండి

జవాబు చూడగానే ‘తప్పు’ అనకండి. ‘ఇది నీకెలా వచ్చిందో చెప్పు’ అనండి. చెబుతున్నంతసేపూ మధ్యలో అందుకోకండి. చాలాసార్లు పిల్లలు చెబుతూ చెబుతూ తమ తప్పు తామే పట్టేసుకుంటారు.

జవాబు కరెక్టయినప్పుడు కూడా ఇదే ప్రశ్న అడగాలి. తప్పు చేసినప్పుడే అడిగితే, ‘ఎలా వచ్చింది?’ అనగానే రబ్బరు తీసుకుని చెరిపేయడం మొదలుపెడతారు. రెండు రకాల జవాబులకీ అడుగుతుంటే ఆ టెన్షన్ ఉండదు, నోరు విప్పుతారు. పైగా సరైన జవాబు వెనక కూడా తప్పు ఆలోచన ఉండే అవకాశం ఉంది. అదీ అప్పుడే బయటపడుతుంది.

2. చదవడం: నోరు చదువుతోందా, బుర్ర చదువుతోందా చూడండి

మిగతా మూడు సబ్జెక్టులూ చదవడం మీదే ఆధారపడతాయి. కాబట్టి మీకు రోజుకి ఇరవై నిమిషాలే కుదిరితే అవి దీనికే ఇవ్వండి.

చదవడంలో రెండు పనులున్నాయి. అక్షరాలను శబ్దాలుగా మార్చుకోవడం ఒకటి, ఆ మాటలు ఏం చెబుతున్నాయో పట్టుకోవడం రెండోది. పిల్లలు ఎక్కడ ఆగుతున్నారో తెలియాలంటే, వాళ్లు ఎప్పుడూ చూడని ఒక పేజీ ఇచ్చి పైకి చదవమనండి. పాత పాఠం ఇవ్వకండి, అది కంఠతా వచ్చేసి ఉంటుంది. చూసి చదువుతున్నట్టే ఉంటుంది గానీ నిజానికి అప్పజెబుతుంటారు.

కూడబలుక్కుని చదువుతుంటే, ఏ అక్షరాల దగ్గర ఆగుతున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. తెలుగులో చాలామందికి చిక్కు వచ్చేది వత్తులతో. ‘రాత్రి’ అనే మాట చూడండి. త మీద గుడి ఉంది, త పక్కన కిందుగా ర వత్తు ఉంది. పిల్లలు ముందు ‘తి’ అనేసి, తర్వాత వత్తును కలిపి ‘రాతిర’ అని చదువుతారు. కళ్లకు కనిపించిన వరసలో చదివారు కాబట్టి వాళ్ల లెక్క ప్రకారం అది సరైనదే. ఇక్కడ ‘గుడి పైన ఉన్నా పలికేది చివర్లోనే’ అన్న సంగతి చెప్పాలి. ‘త్... ర్... ఇ... త్రి’ అని మెల్లగా విడగొట్టి, తర్వాత కలిపి చూపించండి. ఆ వెంటనే చిత్రం, పత్రిక, ప్రేమ, గ్రామం లాంటి ఏడెనిమిది మాటలు అదే పద్ధతిలో చదివించండి. ‘రాత్రి’ ఒక్కటే పదిసార్లు రాయిస్తే ఆ ఒక్క మాటే వస్తుంది. ఇలా చేస్తే ర వత్తున్న మాటలన్నీ వస్తాయి.

మ-య, ద-ధ, బ-భ లాంటి జంటలతోనూ ఇలాంటి తికమకే. రెండూ ఒకే రోజు నేర్పకుండా, ఒకటి గట్టిపడ్డాక రెండోది పక్కన పెట్టి తేడా అడగండి.

పుస్తకం ఎంపికకు ఒక సులువైన కొలత ఉంది. ఒక పేజీ చదువుతూ తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవమనండి. పేజీ అయ్యేలోపు ఐదు వేళ్లూ మడిస్తే ఆ పుస్తకం ఇప్పటికి బరువు ఎక్కువ. దాన్ని మీరే చదివి వినిపించండి. వాళ్ల చేతికి కాస్త తేలికది ఇవ్వండి. చదవడం వచ్చేసింది కదా అని చదివి వినిపించడం మానేయకండి. పిల్లలు చదివి అర్థం చేసుకోగలిగే దానికంటే విని అర్థం చేసుకోగలిగేది చాలా ఏళ్లపాటు ఎక్కువగానే ఉంటుంది.

ఇక రెండో రకం పిల్లలు. గడగడా చదివేస్తారు, అయ్యాక ఏముందని అడిగితే బిక్కమొహం వేస్తారు. వీళ్లతో మళ్లీ చదివించడం వల్ల లాభం లేదు. పేరా అవగానే ఆపి, పుస్తకం మూసి, ‘ఏం జరిగిందో నాకు నీ మాటల్లో చెప్పు’ అనండి. ‘ఎవరు? ఎక్కడ?’ అనే ప్రశ్నలకు వాక్యం వెతికి చూపిస్తే సరిపోతుంది. ‘అలా ఎందుకు చేశాడు? నువ్వయితే ఏం చేసేదానివి?’ అని అడిగితేనే ఆలోచించాల్సి వస్తుంది.

చదివింది అర్థం కావడానికి ఆ విషయం గురించి ముందే కొంత తెలిసి ఉండటం ఎంత ముఖ్యమో 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే పరిశోధకులు అమెరికాలో చూపించారు. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చేత ఒక బేస్‌బాల్ మ్యాచ్ వర్ణన చదివించారు. చదవడంలో వెనకబడినా ఆ ఆట బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో ముందున్నా ఆట తెలియని పిల్లల కంటే ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. అందుకే, చదవడంలో వెనకబడ్డారని సైన్స్, సోషల్ పక్కన పెట్టేసి అస్తమానం భాషే రుద్దడం నాకు అస్సలు నచ్చదు. ఆ రెండు సబ్జెక్టుల్లో తెలుసుకున్నదే రేపు చదివేటప్పుడు పనికొస్తుంది.

రాయడం గురించి ఒక్క మాట. ముందు నోటితో చెప్పించి తర్వాత రాయించండి. ఆలోచించడం, అక్షరాలు సరిగ్గా రాయడం రెండూ ఒకేసారంటే చిన్నపిల్లలకు మోయలేని పని. దిద్దేటప్పుడు ఒక రోజు ఒక రకం తప్పే దిద్దండి. పేజీ అంతా ఎర్ర గీతలుంటే మర్నాడు రెండు వాక్యాలతో సరిపెట్టేస్తారు.

3. లెక్కలు: తప్పు వెనక ఉన్న రూలు కనిపెట్టండి

అన్నిటికంటే ఎక్కువ ఓపిక పట్టాల్సింది ఇక్కడే.

52లోంచి 37 తీసేయమంటే 25 అని రాసే పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. ‘ఎలా వచ్చింది?’ అని అడిగితే చెబుతారు: ‘ఏడులోంచి రెండు పోతే ఐదు, ఐదులోంచి మూడు పోతే రెండు’. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయాలన్నది వాళ్లు పెట్టుకున్న రూలు. ఒక అంకె తీసివేతల్లో ఆ రూలు ఎప్పుడూ వమ్ముకాలేదు మరి.

దీనికి పుల్లలు, రబ్బరు బ్యాండ్లు తెచ్చుకోండి. పదేసి పుల్లలు కట్టలు కట్టించండి. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టి, ‘ఇందులోంచి 37 పుల్లలు నాకివ్వు’ అనండి. మూడు కట్టలు ఇచ్చేస్తారు. ఏడు విడి పుల్లలు కావాలంటే రెండే ఉన్నాయి. ఇక్కడ మీరు నోరు మెదపకండి. కాసేపు అటూ ఇటూ చూసి కట్ట విప్పుతారు. ఆ విప్పడం వాళ్లంతట వాళ్లకు తోచాలి. ఇప్పుడు విడి పుల్లలు 12. ఏడు ఇచ్చేస్తే ఐదు మిగిలాయి. కట్ట ఒకటి మిగిలింది. మొత్తం 15. తర్వాత అదే పనిని పుస్తకంలో రాసి చూపించండి: ఐదు కొట్టేసి నాలుగు వేయడమంటే కట్ట విప్పడం, రెండు పక్కన ఒకటి చేర్చి పన్నెండు చేయడమంటే ఆ పుల్లలు ఇటు రావడం. అంకెలూ పుల్లలూ పక్కపక్కనే ఉంచి నాలుగైదు రోజులు చేయించండి, తర్వాత పుల్లలు తీసేయండి.

మీ పిల్లలకు ‘=’ గుర్తు అర్థమైందో లేదో చూడాలంటే ఈ లెక్క ఇవ్వండి: 8 + 4 = □ + 5. చాలామంది గడిలో 12 వేస్తారు, కొందరు అన్నీ కలిపేసి 17 వేస్తారు. సరైన జవాబు 7. ఆ గుర్తు అంటే ‘ఇక జవాబు రాయి’ అని వాళ్లనుకుంటున్నారు. రెండు వైపులా సమానమని చెప్పడానికి 7 = 3 + 4 అనీ, 6 + 2 = 5 + 3 అనీ తిరగేసి రాసి ‘ఇది నిజమా, అబద్ధమా?’ అని ఆడించండి. ప్రైమరీలో ఇది గట్టిపడకపోతే హైస్కూల్లో బీజగణితం దగ్గర తప్పకుండా ఇబ్బంది పడతారు.

ఎక్కాలు కంఠతా రావాల్సిందే. ‘అర్థం చేసుకుంటే చాలు, బట్టీ ఎందుకు?’ అనేవాళ్లతో నేను ఏకీభవించను. ప్రతిసారీ 7 × 8 కోసం వేళ్లు లెక్కపెట్టుకుంటే అసలు లెక్క ఏమిటో మర్చిపోతారు. కానీ భారం తగ్గించవచ్చు. 2 నుంచి 9 వరకు ఎక్కాల్లో 64 గుణకారాలున్నాయి. 3 × 7, 7 × 3 ఒకటేనని చూపిస్తే (మూడు వరసల్లో ఏడేసి గింజలు పేర్చి, పళ్లాన్ని పక్కకి తిప్పితే చాలు) అవి 36కి తగ్గుతాయి. రెండో ఎక్కం, ఐదో ఎక్కం తొందరగా వచ్చేస్తాయి. అవి తీసేస్తే మిగిలేవి 21. తొమ్మిదో ఎక్కంలో జవాబు అంకెలు కలిపితే 9 వస్తుంది: 18, 27, 36. ఇంతా చేసి నిజంగా కూర్చుని నేర్చుకోవాల్సినవి పదీ పదిహేను. వాటినే చీటీల మీద రాసి తిప్పి తిప్పి అడగండి.

భిన్నాల దగ్గర చాలామందికి మొదటిసారి లెక్కలంటే భయం పుడుతుంది. మూడో వంతు, నాలుగో వంతు ఏది పెద్దదంటే నాలుగో వంతంటారు, 4 పెద్దది కాబట్టి. ఒకే పొడవున్న రెండు కాగితపు పట్టీలు ఇచ్చి, ఒకదాన్ని మూడు మడతలు, ఇంకోదాన్ని నాలుగు మడతలు పెట్టించండి. ఎక్కువమందికి పంచితే ఒక్కొక్కరికి తక్కువ వస్తుందని చేత్తో తెలుసుకుంటారు. 1/2 + 1/3 ఇస్తే పైవి పైవీ, కిందవి కిందవీ కలిపి 2/5 రాస్తారు. వెంటనే క.సా.గు. నేర్పకండి. ‘2/5 సగం కంటే ఎక్కువా, తక్కువా?’ అని అడగండి. పట్టీ మడిచి చూసుకుంటే తక్కువే అని తేలుతుంది. ‘సగం ఉంది, దానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గిందా?’ అని అడిగి కాసేపు అలా వదిలేయండి. ఆ తర్వాత ఆరు మడతల పట్టీ తీస్తే సగం అంటే మూడు మడతలు, మూడో వంతు అంటే రెండు మడతలు, మొత్తం 5/6 అని తామే చెబుతారు. దశాంశాల్లోనూ ఇలాంటిదే ఉంది. 0.35ని 0.4 కంటే పెద్దదనుకుంటారు, 35 పెద్దదని. 0.4ను 0.40 అని రాయిస్తే తేటపడుతుంది.

రాత లెక్కల్లో, ‘ఎక్కువ అని ఉంటే కలుపు, తక్కువ అని ఉంటే తీసెయ్’ అనే చిట్కా ఎవరు నేర్పినా మాన్పించండి. ‘అక్క దగ్గర 12 పెన్సిళ్లు ఉన్నాయి. అవి తమ్ముడి దగ్గరున్న వాటికంటే 5 ఎక్కువ. తమ్ముడి దగ్గర ఎన్ని?’ ఆ చిట్కా పాటిస్తే 17 వస్తుంది. ముందు ఎవరి దగ్గర ఎక్కువున్నాయో చెప్పించి, అక్కకో పొడుగు గీత, తమ్ముడికో పొట్టి గీత గీయించండి. బొమ్మ సరిగ్గా గీస్తే 7 అని బొమ్మే చెబుతుంది.

4. సైన్స్: ముందు ఊహించమనండి, తర్వాత చేయించండి

పుస్తకంలో ప్రశ్నాజవాబులు అప్పజెప్పడం సైన్స్ అనిపించుకోదు. వారానికి ఒక చిన్న ప్రయోగం చేసినా మేలు. వరస మాత్రం తప్పకండి: ఏం జరుగుతుందో ముందు చెప్పి రాసుకోవాలి, తర్వాత చేసి చూడాలి, అనుకున్నదానికీ జరిగినదానికీ తేడా ఉంటే ఎందుకో మాట్లాడుకోవాలి. ముందు ఊహ రాయించకపోతే, అయ్యాక ‘నాకు తెలుసులే’ అంటారు.

ఒక గ్లాసు నీళ్లు వెడల్పు పళ్లెంలో, ఇంకో గ్లాసు నీళ్లు సన్న మూతి సీసాలో పోసి పక్కపక్కనే పెట్టండి. ఏవి ముందు ఆవిరవుతాయి? ఇక్కడే ఒక పెద్ద సంగతి నేర్పవచ్చు. పళ్లెం ఎండలో, సీసా నీడలో పెడితే తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేం. ఒక్క విషయమే మార్చి, మిగతావన్నీ ఒకేలా ఉంచాలి. ఈ ఒక్కటి వంటబడితే ప్రైమరీ సైన్స్‌లో సగం వచ్చినట్టే.

ఆరుబయట ఒక కర్ర నిలబెట్టి గంటకోసారి నీడ చివర గుర్తు పెట్టించండి. నీడ ఎటు తిరిగింది, ఎప్పుడు పొట్టిగా ఉంది అన్నవి చూసిన పిల్లలకు భూభ్రమణం పాఠం కొత్తగా ఉండదు.

రుతువుల గురించి అడిగితే చాలామంది పిల్లలు, పెద్దలు కూడా, ‘భూమి సూర్యుడికి దగ్గరగా వెళ్తే ఎండాకాలం’ అంటారు. ‘అలాగైతే భూమికి ఒకవైపు ఎండాకాలం ఉన్నప్పుడే రెండోవైపు చలికాలం ఎందుకుంది?’ అని అడగండి. నిజానికి భూమి సూర్యుడికి బాగా దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. జులై మొదట్లో అది దాదాపు 15.2 కోట్ల కిలోమీటర్లు. అసలు కారణం భూమి అక్షం 23.5 డిగ్రీలు వాలి ఉండటం. ఒక బంతికి పుల్ల గుచ్చి, కొంచెం వంచి పట్టుకుని, వంపు దిశ మారకుండా బల్బు చుట్టూ తిప్పండి. వెలుగు ఎప్పుడు ఏ సగం మీద నిటారుగా పడుతోందో పిల్లలే చూపిస్తారు.

పెద్ద చెట్టు బరువంతా ఎక్కణ్నుంచి వచ్చింది? మట్టిలోంచి అంటారు. అప్పుడు యాన్ వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త కథ చెప్పండి. 17వ శతాబ్దంలో ఆయన సుమారు 90 కిలోల ఎండు మట్టిలో రెండు కిలోల పైచిలుకు విల్లో మొక్క నాటి, ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశారు. చెట్టు 76 కిలోలు దాటింది, మట్టి తగ్గింది మాత్రం 60 గ్రాముల లోపే. బరువంతా నీళ్లదే అని ఆయన అనుకున్నారు. గాల్లోని కార్బన్ డయాక్సైడ్ సంగతి తర్వాత తేలింది. జాగ్రత్తగా కొలిచిన మనిషికి కూడా కారణం సగమే దొరికిందని వింటే, తప్పు చెప్పడానికి పిల్లలు అంత బెదరరు.

5. సోషల్: తమ గది నుంచి మొదలుపెట్టండి

ప్రపంచ పటం చూపించే ముందు, పడుకునే గదిని పైకప్పు మీంచి చూస్తే ఎలా ఉంటుందో గీయమనండి. మొదట మంచానికి నాలుగు కాళ్లూ గీస్తారు. పైనుంచి కాళ్లు కనిపిస్తాయా అని అడగండి. తర్వాత గదిని అడుగులతో కొలిపించి, ఒక అడుగుకి ఒక సెంటీమీటరు చొప్పున మళ్లీ గీయించండి. స్కేలంటే ఏమిటో అక్కడితో తెలిసిపోతుంది. ఆ మర్నాడు ఉత్తరం ఎటో గుర్తు పెట్టించండి.

పటాలు చూడటం వచ్చాక గ్లోబునూ, గోడకి తగిలించే మెర్కేటర్ పటాన్నీ (భూగోళాన్ని దీర్ఘచతురస్రంగా పరిచి గీసే ఒక రకం ప్రపంచ పటం) పక్కపక్కన పెట్టండి. పటంలో గ్రీన్‌లాండ్ దాదాపు ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా దానికి సుమారు 14 రెట్లు. గుండ్రటిదాన్ని పలకగా పరిస్తే ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు.

చరిత్రకు పొడుగు కాగితం ఒకటి చాలు. ఏడాదికి ఒక సెంటీమీటరు. తాము పుట్టిన ఏడాది, అమ్మానాన్నలు పుట్టినవి, తాతయ్యలు పుట్టినవి గుర్తు పెట్టించి, పాఠంలో వచ్చిన సంవత్సరం ఎంత దూరంలో పడుతుందో అదే కొలతతో నేల మీద చూపించమనండి. ఈ వయసులో ‘వందేళ్ల క్రితం’, ‘వెయ్యేళ్ల క్రితం’ రెండూ ఒకేలా వినిపిస్తాయి. వంద సెంటీమీటర్లూ పది మీటర్లూ ఒకేలా కనిపించవు కదా.

6. మర్చిపోకుండా ఉండాలంటే పుస్తకం మూయించండి

మళ్లీ మళ్లీ చదవడం వల్ల వచ్చేసినట్టు అనిపిస్తుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థుల మీద దీన్ని పరీక్షించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం సాధన చేసినవాళ్లు ముందున్నారు. కాబట్టి పాఠం అవగానే పుస్తకం మూసి గుర్తున్నవి చెప్పించండి. మర్నాడు రెండు నిమిషాలు, మూడు రోజుల తర్వాత ఇంకోసారి, వారం తర్వాత మరోసారి అడగండి. ఒక్కరోజే గంటసేపు కూర్చోబెట్టే కంటే ఇది నయం. చిన్న క్లాసులకు ఒక్కో సబ్జెక్టు పదిహేను నిమిషాలు మించనివ్వకండి. కళ్లు నలుపుకోవడం మొదలుపెట్టాక నేర్పింది ఒంటబట్టదు.

బొమ్మలు, పాటలు, ఆటలు కూడా చదువులో భాగమే. లెక్కలు రాలేదని ఆట పీరియడ్ కోసేయకండి, ఇంట్లో కూడా.

7. ఇన్ని చేసినా కదలకపోతే

ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. బోర్డు సరిగ్గా కనిపించకపోతే పిల్లలు ఆ మాట చెప్పరు, అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటారు. అవి బాగానే ఉండి, మాటల్లో చురుగ్గా ఉంటూ, నెలల తరబడి సాధన చేసినా అక్షరాలు కలిపి చదవలేకపోతుంటే డిస్లెక్సియా (చదవడంలో వచ్చే ఇబ్బంది) ఉందేమో నిపుణుల చేత చూపించాలి. దానికీ తెలివికీ సంబంధం లేదు. బద్ధకం అని తిట్టి ఏళ్లు పోగొట్టకండి, ఎంత తొందరగా తెలిస్తే అంత మేలు.

టీచర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ‘మావాడికి లెక్కలు రావట్లేదండీ’ అని ఊరుకోకుండా, రెండు వారాల పాటు చేసిన తప్పులున్న పేజీలు, వాటి పక్కన ‘ఎలా వచ్చింది?’ అంటే పిల్లలు చెప్పిన మాటలు రాసి తీసుకెళ్లండి. ‘తీసివేతల్లో ప్రతిసారీ పెద్ద అంకెలోంచి చిన్నది తీస్తున్నాడు, పుల్లలతో చేస్తే వస్తోంది, కాగితం మీదకొచ్చేసరికి రావట్లేదు’ అని చెబితే, క్లాసులో ఎక్కడ పట్టుకోవాలో టీచర్‌కి వెంటనే తెలుస్తుంది.